రెండో బాత్రూముకు తాళం వేయండి

ఇంట్లో పెద్దవాళ్లూ పిల్లలూ మాట్లాడుకోవడం లేదని బాధపడేవాళ్లకు నా మొదటి సలహా: ఒక్క బాత్రూము ఉంచుకుని మిగతావాటికి తాళం వేయండి. తలతిక్క సలహా అంటారు. బాగా ఆలోచించుకునే చెబుతున్నాను.

మా తాత లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. నిజాం కాలంలో, 1893లో పెట్టిన వర్క్‌షాపు అది. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడేనాటికి తాత సర్వీసు సగం గడిచిపోయింది. చిలకలగూడలో రెండు గదుల ఇల్లు, తొమ్మిది మందిమి, ఒక్కటే స్నానాలగది. బకెట్టు పట్టుకుని వంతు కోసం నిలబడ్డప్పుడే ఎవరికి పరీక్షో, ఎవరికి ఒంట్లో బాగోలేదో, రాత్రి ఎవరి కళ్లు తడిశాయో తెలిసిపోయేది. ఇప్పుడు మారేడుపల్లిలో నలుగురం, మూడు బాత్రూములు. మొన్న మా అమ్మకు జ్వరం వస్తే, మర్నాడు పనిమనిషి చెప్పేదాకా నాకు తెలియలేదు.

రెండో సలహా: ఆవకాయ సీసా కొనకండి. ఎండాకాలంలో ఇంటిల్లిపాదీ మోండా మార్కెట్‌కు వెళ్లండి. కాయలు బేరమాడి తీసుకుంటే అక్కడే టెంకతో సహా ముక్కలు కొట్టిస్తారు. ఇంటికొచ్చాక జీడి తీయాలి, లోపలి పొర గీకాలి, ఒక్కో ముక్కనూ తడి లేకుండా తుడవాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. చేతులు జిగటగా ఉంటాయి కాబట్టి ఫోను ముట్టుకోలేరు. మా అమ్మాయికి పదిహేనేళ్లు. వాళ్ల నానమ్మ పెళ్లి ఎలా జరిగిందో ఆ ముక్కల దగ్గరే విన్నది. నేనూ అప్పుడే విన్నాను.

ఇక్కడొక షరతు ఉంది. దాన్ని వదిలేస్తే ఈ సలహాలన్నీ చించి పారేయండి. మా నానమ్మ అందరూ తిన్నాక, గిన్నెలో మిగిలిందే తినేది. తొమ్మిది మంది కలిసి బతకడమనే గొప్పంతా ఆమె నడుం మీద నిలబడింది. ఆమెకు అది ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు. ఆ ఇరుకు తెచ్చుకోండి, ఆ పంపకం మాత్రం వద్దు. జాడీలు కడగడం, చివరగా తినడం, తెల్లవారుజామున ముందు లేవడం, వీటిలో మగవాళ్లకూ వంతు ఉండాలి. మా ఇంట్లో జాడీలు నావి.

ఇక పండగ. సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాల ఆదివారం ఊరు విడిచి ఎక్కడికీ వెళ్లకండి. మేనత్తల్ని పిలవండి. పడుకునే చోటు లేకపోయినా పిలవండి. హాల్లో చాపలు పరిస్తే సరిపోతుంది. మర్నాడు రంగం, అంటే అమ్మవారి భవిష్యవాణి, విని వెళతారు.

ఇక ఫోను. తొంభైల్లో మా బాబాయి డల్లాస్ వెళ్లాడు. ఆదివారం పొద్దున హాల్లో ఫోను మోగితే అందరం చుట్టూ చేరేవాళ్లం. మనిషికి ఒక్క నిమిషం. తాత మాటలు మాకు, మా మాటలు తాతకు వినపడేవి. ఇప్పుడు బాబాయితో ఎవరి గదిలో వాళ్లు, ఎప్పుడంటే అప్పుడు మాట్లాడవచ్చు. అలా మాట్లాడకండి. వారానికి ఒక్కసారి, హాల్లో, స్పీకర్ పెట్టి, అందరూ కూర్చున్నాకే చేయండి. మా ఇంట్లో రెండు నెలలుగా అలాగే చేస్తున్నాం. పోయిన ఆదివారం మా అమ్మాయి మధ్యలో లేవబోయింది.

"నీ వంతు ఇంకా రాలేదే, కూర్చో," అన్నది మా అమ్మ.

కూర్చుంది.