వెళ్లి ఉత్తరం రాస్తాం

మా మేనత్తను చూడ్డానికి పదకొండు సంబంధాలవాళ్లు వచ్చారట. పదకొండుసార్లూ మా నాయనమ్మ సొజ్జి, బజ్జీ చేసింది. పదకొండుసార్లూ మగపెళ్లివారు మూతి తుడుచుకుని, గడప దిగుతూ ఒకటే మాట అన్నారు: "వెళ్లి ఉత్తరం రాస్తాం." ఆ మాటకి అసలు అర్థం ఏమిటో చెప్పులు తొడుక్కుంటున్నవాళ్లకీ తెలుసు, చెప్పులు వెతికిస్తున్నవాళ్లకీ తెలుసు. అయినా నాయనమ్మ వారం రోజులు పోస్టుమాన్ కోసం వీధి అరుగు మీద కూర్చునేది. విశేషమేమిటంటే, పదకొండులో ఎనిమిది మంది నిజంగానే రాశారు. "జాతకాలు కుదరలేదు, అన్యథా భావించవద్దు" అని. అసలు జాతకమే అడగనివాళ్లు కూడా అలాగే రాశారు. అబద్ధమే, కాదనను. కానీ కార్డు కొని, చిరునామా రాసి, డబ్బాలో వేసి, చేరవలసిన ఇంటికి చేర్చిన అబద్ధం.

ఈ మధ్య మా మేనల్లుడి ఉద్యోగ ప్రయత్నాలు దగ్గరుండి చూశాక ఆ ఎనిమిది కుటుంబాల మీద నాకు గౌరవం పెరిగిపోయింది.

వాడికి జావాలో నాలుగేళ్ల అనుభవం. కూకట్‌పల్లిలో మా పై పోర్షన్‌లోనే మా అక్కయ్యా బావా వాడూ ఉంటారు. ఉద్యోగం ఉండగానే ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలన్నది సాఫ్ట్‌వేర్‌వాళ్ల వృత్తిధర్మం. రోజూ పొద్దున్నే పళ్లు తోముకోకుండా నౌకరీ సైట్ తెరిచి, తన రెజ్యూమేలో ఒక ఫుల్‌స్టాప్ తీసేస్తాడు. మర్నాడు పొద్దున్న మళ్లీ పెడతాడు. "ఇదేం నోమురా?" అని అడిగాను. "రోజూ అప్‌డేట్ చేస్తే మన ప్రొఫైల్ పైకొస్తుంది మావయ్యా" అన్నాడు. సరిగ్గా ఆ వేళకే మా అక్కయ్య దేవుడి గదిలో వత్తి ఎగదోస్తూ ఉంటుంది. వస్తున్న ఫోన్లు ఈ ఇద్దరిలో ఎవరి పుణ్యమో మా ఇంట్లో ఇంకా తేలలేదు.

ఫోన్లు మాత్రం వస్తాయి. వాడు మేనేజర్ ఎదురుగా కూర్చున్నప్పుడే వస్తాయి. "ఇప్పుడు మాట్లాడొచ్చా?" అని అవతలి అమ్మాయి చాలా మర్యాదగా అడుగుతుంది. కుదరదంటే మళ్లీ చెయ్యదు. అందుకని వీడు మేనేజర్‌కి వినపడేలా "ఆఁ అమ్మా, గ్యాస్ బుక్ చేస్తాలే" అనేసి, ఫైర్ ఎగ్జిట్ మెట్ల మీదికి పరిగెడతాడు. అక్కడ వీడి టీమ్‌వాళ్లే ముగ్గురు, తలో మెట్టు మీద నిలబడి, గొంతు తగ్గించి గ్యాస్ బుక్ చేస్తుంటారట.

ఆ ఫోన్లో అడిగేవన్నీ రెజ్యూమేలో ఉన్నవే. మొత్తం అనుభవం ఎంత, ఇప్పుడున్న సీటీసీ ఎంత, కోరుకునే సీటీసీ ఎంత, నోటీసు ఎన్నాళ్లు. వీడి జీతం రూపాయి పైసలతో చెప్పాలి, మూడు నెలల పేస్లిప్పులు పంపాలి. మరి మీరెంత ఇస్తారమ్మా అంటే, "ఇండస్ట్రీ స్టాండర్డ్స్ ప్రకారం ఉంటుందండీ." పెళ్లికూతురికి పెట్టే బంగారం కాసుల లెక్కన చెప్పించుకుని, అబ్బాయి జీతం అడిగితే "ఏదో బాగానే వస్తుందండీ" అన్న పెద్దమనుషుల వంశం అంతరించిపోలేదు. హైటెక్ సిటీలో అద్దాల మేడలు కట్టుకుని చల్లగా ఉంది.

తర్వాత మెయిల్ వస్తుంది. "గ్రీటింగ్స్ ఆఫ్ ది డే" అని మొదలవుతుంది. ఏ రోజుకి శుభాకాంక్షలో, ఎందుకో ఉండదు. ఆ కింద "డియర్ క్యాండిడేట్". ఒకసారి అయితే "డియర్ ఫస్ట్‌నేమ్" అనే వచ్చింది. పేరు పడాల్సిన చోట పేరు పడలేదు. మా అక్కయ్య అది చదివి, "ఎంత ఆప్యాయంగా పిలిచారో" అని కళ్లొత్తుకుంది. ఉత్తరం చివర "ఏ సందేహమున్నా నిస్సంకోచంగా రాయండి" అని ఉంటుంది. పంపిన చిరునామా చూస్తే నో-రిప్లై. గుమ్మానికి తాళం వేసి, తోరణం కట్టి, "దయచేయండి" అని బోర్డు పెట్టినట్టు.

మావాడి రాతకోతలు గొప్పగా ఉన్నాయని కాదు. వాడు పంపే ప్రతి అర్జీ "రెస్పెక్టెడ్ సర్" అని మొదలవుతుంది. ఏడో తరగతిలో జ్వరమని సెలవు చీటీ రాసినప్పుడు నేర్చిన ఇంగ్లిషు అది, అక్కడే ఆగింది. చదివేది మేడమైనా సర్ సరే. రెజ్యూమే జతచేశానంటాడు, జతచెయ్యడు. పది నిమిషాలకి క్షమాపణతో రెండో మెయిల్. దానికి జతచేసిన ఫైలు పేరు "రెజ్యూమే ఫైనల్ లేటెస్ట్ 3". పైన రాసిన నాలుగు ముక్కల్లో "మీ సంస్థలో పనిచెయ్యడం నా చిన్ననాటి కల" అని ఉంటుంది. సంస్థ పేరు మాత్రం నిన్న పంపినవాళ్లది.

సరే, ఇంటర్వ్యూలు అయిదు రౌండ్లు జరిగాయి. టెక్నికల్ రెండు, మేనేజర్‌ది ఒకటి, క్లయింట్‌ది ఒకటి, ఆఖర్న హెచ్ఆర్. మధ్యలో ఆదివారం కూర్చుని చెయ్యమని హోంవర్కు కూడా ఇచ్చారు. అన్నీ అయ్యాక ఆ అమ్మాయి నవ్వుతూ "వుయ్ విల్ గెట్ బ్యాక్ టు యూ" అంది. పక్క గదిలోంచి వింటున్న నాకు చెప్పుల చప్పుడు వినిపించింది.

మూడు రోజులు మావాడు హుందాగా ఉన్నాడు. వారానికి "హాయ్ మేడమ్, ఎనీ అప్‌డేట్?" అని వాట్సాప్ పెట్టాడు. రెండు నీలం టిక్కులు పడ్డాయి. చూసింది! చూసిందంటే బతికే ఉంది. పదో రోజున మళ్లీ పెడితే టిక్కులు నీలంగా మారడం మానేశాయి. పదహారో రోజు సంక్రాంతి వచ్చింది. "హ్యాపీ సంక్రాంతి మేడమ్" అని ముగ్గు బొమ్మతో గాలం వేశాడు. నిమిషంలో "సేమ్ టు యూ" అని బదులు! ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. వద్దనుకున్నవాడికి సేమ్ టు యూ అని ఎందుకంటుందని మా అక్కయ్య వాదన. చివర్న చెయ్యెత్తి మొక్కుతున్న బొమ్మ పెట్టిందంటే అది మర్యాదా, వీడ్కోలా అన్నది మా బావ సందేహం. ఉగాదికి మళ్లీ శుభాకాంక్షలు పంపాడు. శ్రీరామనవమికి పంపాడు. పండగలైపోయాయి కానీ ఫలితం రాలేదు.

ఈ అన్యాయం గురించి ఎదురు ఫ్లాట్ అమ్మాయి దగ్గర కాస్త గట్టిగానే మాట్లాడాను. ఆ అమ్మాయి ఇంకో కంపెనీలో హెచ్ఆర్ అని నాకు అప్పటిదాకా తెలియదు. టీ గ్లాసు కింద పెట్టి, "అంకుల్, మీరొక వైపే చూశారు" అంది.

సోమవారం చేరతానన్న అబ్బాయి కోసం ల్యాప్‌టాప్, ఐడీ కార్డు, పేరు రాయించిన మగ్గు టేబుల్ మీద పెట్టుకుని కూర్చుందట. పదకొండైనా రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. సాయంత్రం మెసేజ్: "మా అమ్మమ్మకు సీరియస్." పాపమనుకుని వారం గడువిచ్చింది. ఆ వారంలోనే తన స్నేహితురాలి కంపెనీలో కూడా ఇదే అబ్బాయి, ఇదే అమ్మమ్మ, ఇదే సీరియస్. ఆ అమ్మమ్మ ఒకేసారి మూడు కంపెనీల్లో మంచం పట్టి, నాలుగో దాంట్లో మనవడు చేరగానే లేచి కూర్చుందట. పేరు రాయించిన మగ్గులో ఇప్పుడు పెన్నులు పెట్టుకుంటోంది.

"ఎందుకిలా చేస్తారమ్మా?" అంటే తొంభై రోజుల కథ చెప్పింది. ఉన్నవాడు తొందరగా పోకూడదని కంపెనీలు నోటీసు గడువు మూడు నెలలు పెట్టాయి. అవే కంపెనీలు ప్రకటనల్లో "వెంటనే చేరేవాళ్లు మాత్రమే" అంటాయి. అంటే మా అమ్మాయి మూడు నెలల దాకా గడప దాటదు, మీ అమ్మాయి మాత్రం రేపే కాపురానికి రావాలి. కుర్రాళ్లు తెలివితక్కువవాళ్లు కాదుగా. చేతిలో ఒక ఆఫర్ పెట్టుకుని రాజీనామా ఇస్తారు. ఆ తొంభై రోజులూ "నోటీసులో ఉన్నాను" అని సైట్లో రాసుకుంటారు. అప్పుడొస్తాయి అసలు ఫోన్లు. ఒకరి లెటర్ చూపించి ఇంకొకరి దగ్గర, వాళ్లది చూపించి మరొకరి దగ్గర, రైతుబజార్లో వంకాయలు బేరమాడినట్టు పెంచుకుంటూ పోతారు. అయిదుగురికి సరేనని చేరేది ఒకచోట. మిగతా నలుగురికీ రానని చెప్పే ఓపిక ఎవరికీ లేదు.

"మరి మీరు చెబుతారా, వద్దనుకున్నవాళ్లకి?" అన్నాను. టీ చల్లారిపోతోందంది. ఇంకాసేపటికి తనే అంది: "వద్దని చెప్పేస్తే, మొదట ఎంచుకున్నవాడు అమ్మమ్మని అడ్డం పెట్టుకుని రాకపోతే రెండోవాణ్ని మళ్లీ ఏ మొహంతో పిలవాలి అంకుల్?" అదీ సంగతి. మావాడు పండగలకి మొక్కులు మొక్కుతున్నది ఎవరో ఒకరి అమ్మమ్మ ఆరోగ్యం కోసమన్నమాట.

ఆ మాట విని వాడు తనకంటే జూనియర్ల అదృష్టం చెప్పుకొచ్చాడు. 2022లో క్యాంపస్‌లో ఆఫర్ లెటర్లు అందుకున్న పిల్లలు కొన్ని కంపెనీల్లో చేరే తేదీ కోసం ఏడాదికి పైగా కాచుకున్నారు. ఒక పెద్ద కంపెనీ 2023 ఫిబ్రవరిలో ఆ మౌనాన్ని వీడింది. ఆరున్నర లక్షలన్నాం కదా, మూడున్నరకైతే వెంటనే చేరొచ్చు, ఇష్టమేనా అని మెయిల్ పంపింది. ఉత్తరం రాలేదని వాళ్లు అనడానికి వీల్లేదు.

ప్రభుత్వాన్ని ఊరికే తిడతాం గానీ, ఈ విషయంలో మాట నిలబెట్టుకున్నది అదే. 1998 డీఎస్సీలో అర్హత వచ్చినా పోస్టు రానివాళ్ల వ్యవహారం కోర్టులూ ఫైళ్లూ తిరిగి తిరిగి, వాళ్లను తీసుకుంటామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో ఒప్పుకుంది. 24 ఏళ్లు! బీఈడీ సర్టిఫికెట్టుతో పాటు మనవడి ఫొటో కూడా పర్సులో పెట్టుకు తిరిగే వయసులో కబురొచ్చింది. ఆలస్యమైందని గొణుగుతాం, సరే. ఏ ప్రైవేటు కంపెనీ హెచ్ఆర్ అయినా పాతికేళ్ల తర్వాత ఫోన్ చేసి "మీ విషయం మేం మర్చిపోలేదండీ" అంటుందా?

బ్రాంప్టన్‌లో ఉన్న మావాడి క్లాస్‌మేట్ ఇంకో వింత చెప్పాడు. కెనడాలో ఒంటారియో రాష్ట్రం దీనికి ఏకంగా చట్టమే చేసింది. 25 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థ, బహిరంగంగా ప్రకటించిన ఉద్యోగానికి ఎవరినైనా ఇంటర్వ్యూ చేస్తే, ఆఖరి ఇంటర్వ్యూ అయిన 45 రోజుల్లోగా నిర్ణయం జరిగిందో లేదో చెప్పి తీరాలి. 2026 జనవరి 1 నుంచి అమలు. ఎదుటివాడికి జవాబివ్వండి అని చట్టసభ కూర్చుని చెప్పాల్సి వచ్చిందంటే రోగం మన ఒక్కరిదే కాదని నాకు కొంచెం ఊరట కలిగింది. ఎదురు ఫ్లాట్ అమ్మాయికి ఈ సంగతి చెబితే, ఏమాత్రం తడుముకోకుండా, "మన దగ్గరకొస్తే ఇంటర్వ్యూ అనం అంకుల్, డిస్కషన్ అంటాం" అంది. ఆ తర్వాత కాసేపాగి, "ఆ అమ్మమ్మల మీద కూడా ఒక చట్టం చెయ్యమనండి" అంది.

మావాడికి చివరికి ఉద్యోగం వచ్చింది. చిత్రమేమిటంటే, సంక్రాంతికి సేమ్ టు యూ అన్న కంపెనీలోనే. వేరే పోస్టుకి, స్నేహితుడి రిఫరల్ మీద, రెండే రౌండ్లలో తీసుకున్నారు. చేరి నాలుగు నెలలైంది. పోయిన గురువారం రాత్రి భోజనాల దగ్గర వాడి ఫోన్ మోగింది. "డియర్ క్యాండిడేట్, మీ ప్రొఫైల్‌ను క్షుణ్ణంగా పరిశీలించిన మీదట, మీరు మా సంస్థలో పనిచేయడానికి తగినవారు కారని విచారంతో తెలియజేస్తున్నాం."

మా అక్కయ్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఒరేయ్, మరి రేపు ఆఫీసుకి వెళ్లాలా, వద్దా?"

"హెచ్ఆర్‌కి మెసేజ్ పెట్టానమ్మా."

"ఏమందిరా?"

వాడు ఫోన్ తిప్పి చూపించాడు. రెండు నీలం టిక్కులు.