గోల్ఫు గట్టున కాపురం

మా అబ్బాయి అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాడు. గోల్ఫు మైదానానికి ఆనుకుని. వాడికి గోల్ఫు రాదు. కుడిపక్క ఇంటాయనకూ రాదు. ఎడమపక్క ఇంటాయన కర్రల సంచీ కొన్నాడు గానీ అది గ్యారేజీ దాటి బయటికొచ్చిన దాఖలా లేదు. ఆ ఊళ్లో ఈ ఆటకు కొదవుందా అంటే, 2022లో అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం ప్రధాన కార్యాలయమే ఫ్లోరిడా నుంచి అక్కడికి తరలివచ్చింది. అయినా మావాడి వీధిలో ఆడేవాడు నాకు కనిపించలేదు.

"మరి ఆటే రానప్పుడు ఇక్కడెందుకు కొన్నావురా?" అన్నాను.

"వెనకాల ఎవరూ ఇల్లు కట్టరు నాన్నా" అన్నాడు.

ఇక నేను రెండో ప్రశ్న వేయలేదు. గుంటూరులో మా ఫ్లాట్ అమ్మినప్పుడు బిల్డర్ 'ఈస్ట్ ఓపెన్' అని చెప్పి, ఆ ఓపెన్‌కు విడిగా డబ్బు కట్టించుకున్నాడు. ఏడాది తిరక్కుండానే పక్క స్థలంలో అయిదంతస్తులు లేచాయి. ఇప్పుడు మా వంటింటి కిటికీ తీస్తే ఎదురింటాయన గడ్డం గీసుకోవడం కనిపిస్తుంది. సూర్యుడు కనిపించక ఆయన్ను చూసే టైము తెలుసుకుంటాం. కాబట్టి ఎవరూ కట్టని ఖాళీ స్థలం విలువ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అయితే ఖాళీ స్థలం చూస్తే మన బుర్ర ఊరుకోదు కదా. పద్దెనిమిది గుంటల మైదానానికి నూట యాభై ఎకరాల దాకా పడుతుందట. ఎకరానికి 4,840 గజాలు. అంటే 7,26,000 గజాలు. రోడ్లూ పార్కులూ పోగా రెండు వందల గజాల ప్లాట్లు ఎంత లేదన్నా రెండు వేలు తేలతాయి. ఇంత భూమినీ అట్టే పెట్టి, చివరికి బంతి పడేసేది నాలుగుంబావు అంగుళాల గుంటలో. ఫోన్లో ఈ లెక్క విని మా బావమరిది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంతా క్లియర్ టైటిలేనా బావా?" అన్నాడు.

మేం వచ్చిన మర్నాడు పొద్దున్నే మావాడు నన్ను వెనక వరండాలో కూర్చోబెట్టి, "ఇదంతా బెర్ముడా గ్రాస్ నాన్నా" అని గర్వంగా చూపించాడు. కంచె వారన, మిషను కోతకు అందని చోట ఒక పరక పీకి చూశాను. కణుపు కణుపుకీ వేరు. చివర వేళ్లు విప్పినట్టు సన్నటి కంకి. గరిక! అచ్చంగా మన గరిక. తర్వాత విచారిస్తే శాస్త్రీయ నామం కూడా ఒకటేనని తేలింది, సైనోడాన్ డాక్టిలాన్. మైదానంలో పరిచేది ఎక్కువగా దానికీ, దాని ఆఫ్రికా చుట్టానికీ పుట్టిన సంకరం. వంశం మాత్రం అదే.

మా నాన్న బతుకంతా ఈ గరికతోనే యుద్ధం చేశాడు. మిరప చేలో గుంటక తోలితే తెగిన ముక్క తెగినట్టే మళ్లీ చిగురు వేసేది. చివరికి వేసవిలో కూలీలను పెట్టి, గడ్డపారలతో తవ్వించి, ఏరించి, గట్టున కుప్పలు పోయించి తగలబెట్టేవాడు. చేను గరిక పట్టిందంటే ఆ ఇంటికి పిల్లనివ్వడానికి కూడా జనం వెనకాడేవాళ్లు. ఆయన మనవడు ఆ గరికను చూస్తూ కాఫీ తాగడానికి ముప్పయ్యేళ్ల అప్పు చేశాడు. మా నాన్న లేడు కాబట్టి సరిపోయింది.

దాని వైభోగమూ అలాగే ఉంది. గుంట చుట్టూ ఉండే గరికను మూడు మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. సూర్యోదయానికి ముందే మిషన్లు మొదలు. 'ప్రశాంత వాతావరణం' అని బ్రోచర్లో రాసింది ఆ మిషన్లు ఆగాక ఉండే వాతావరణం గురించి. ఇంత చేసినా చలికాలం వచ్చేసరికి గరిక ఎండి గోధుమ రంగుకు తిరుగుతుందట. వ్యూ పోయిందని ఆ నెలల్లో వాయిదా తగ్గించరు.

బంతుల సంగతీ చెప్పాలి. కుడిచేతివాటం ఆటగాడు సరిగ్గా కొట్టలేకపోతే బంతి గాల్లో కుడివైపుకు తిరుగుతుంది. సరిగ్గా కొట్టేవాళ్లు తక్కువ. మావాడి ఇల్లు కుడివైపుంది. కొనేటప్పుడు వాస్తు చూశాడు, ఇది చూడలేదు. ఒక శనివారం "ఫోర్!" అన్న కేక వినబడింది. అది హెచ్చరికని నాకు తెలిసేలోపే వంటింటి అద్దం నక్షత్రంలా పగిలింది. ఇంటి కాగితాల్లో బంతులు పడితే భరిస్తామని మావాడు ముందే సంతకం పెట్టి ఉన్నాడు. 1457లో స్కాట్లండ్ రాజు రెండో జేమ్స్ ఈ ఆటను నిషేధించాడు. జనం విలువిద్య సాధన మానేస్తున్నారని ఆయన బాధ అంటారు. కోటలో అద్దమేదైనా పగిలిందేమోనని నా అనుమానం.

పోయిన బంతిని వెతుక్కోవడానికి రూలు ప్రకారం మూడు నిమిషాలే గడువు. ఆ మూడు నిమిషాలూ పెద్దమనుషులు మా కంచె మీదుగా తొంగి చూస్తుంటారు. మా మనవరాలు దొరికిన బంతులన్నీ కడిగి, బుట్టలో పోసి, ఒక్కోటి డాలరుకు అమ్ముతుంది. ఒకాయన తన బంతినే కొనుక్కుని, మా ఆవిడిచ్చిన జంతిక నములుతూ వెళ్లాడు.

అన్నట్టు ఆ కంచె ఇనుప చువ్వలదే ఉండాలి, అవతలికి కనిపించాలి. గోడ కట్టకూడదు. మా ఆవిడ దాని మీద నేత చీర ఆరేసింది. ఇళ్ల యజమానుల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, మైదానం వైపు నుంచి చీర కనిపిస్తోందని. "చీర కనిపించకూడదు గానీ వాళ్లేసుకునే ఆ గళ్ల నిక్కర్లు మాత్రం మనకు కనిపించొచ్చా?" అని ఆవిడ వాదన. నాకు న్యాయంగానే తోచింది.

ఇన్ని చెప్పినా, సాయంత్రం ఆ వరండాలోంచి లేవబుద్ధి కాదు. మా ఊళ్లో అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూసినట్టే ఉంటుంది. పైగా వీళ్లు నిలబడి, నడుం తిప్పి, రెండుసార్లు ఉత్తుత్తిగా ఊపి, గాలి చూసి, చివరికి చెరువులో కొడతారు. ఆడేవాడికి కష్టం, చూసేవాడికి కాలక్షేపం. ఆట రానివాళ్లు ఇక్కడ ఇళ్లెందుకు కొంటారో అప్పుడర్థమైంది. ఆట వస్తే ఈ సుఖం ఉండదు, ఫలానావాడు ఏ కర్ర వాడాల్సిందోనని గింజుకు చావాలి.

వినాయక చవితి నాడు తెల్లవారకుండానే మా ఆవిడ స్నానం చేసి, ఇత్తడి గిన్నె పట్టుకుని, పూజకు గరిక కోద్దామని కంచె గేటు దగ్గరికి వెళ్లింది. మావాడు పరుగున వచ్చి అడ్డం పడ్డాడు.

"అమ్మా, దానికి మందులు కొడతారు. పైగా అది క్లబ్బు స్థలం, కోస్తే కేసు పెడతారు."

నూట యాభై ఎకరాల గరికను వెనక పెట్టుకుని కారేసుకుని ఇండియన్ స్టోరుకు వెళ్లాం. ప్లాస్టిక్ కవర్లో గుప్పెడు గరిక, అయిదు డాలర్లు. ఒక డాలరు తగ్గించమన్నాను. కౌంటర్లో కుర్రాడు మనవాడే.

"రాదండీ అంకుల్. ఈ ఊళ్లో గరిక ఎక్కడా దొరకట్లేదు" అన్నాడు.