గోడకు షోరూం యోగం

హైదరాబాద్ పట్టణ ప్రణాళికాధికారి గారికి బహిరంగ లేఖ

విషయం: పాత మేడలు షోరూంలుగా మారేటప్పుడు వాటి ముఖం దక్కించడం గురించి.

అయ్యా,

పాత భవనంలో అంగడి పెట్టడం హైదరాబాద్‌కు కొత్తా కాదు, తప్పూ కాదు. అబిడ్స్ అనే పేరే ఒక దుకాణదారుడిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ అబిద్ కొట్టు పేరు పేటకంతా పాకింది. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని చక్కదిద్దడానికి ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టీలో రాతి కమానుల కింద వరసగా దుకాణాలు పెట్టింది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ బజారు కోసమే కట్టిన రాతి భవనం. కాబట్టి పేచీ వ్యాపారంతో కాదు, వ్యాపారం పేరిట గోడలకు జరిగే శస్త్రచికిత్సతో.

ఆ కాలపు మేడల్లో బరువు మోసేది గోడలే. మూరెడు మందాన రాయి లేదా ఇటుక, నడుమ గానుగలో ఆడించిన సున్నం, పైన టేకు దూలాలో ఇనప గర్డర్లో, వాటి మీద ఇటుకా సున్నం పరిచిన మిద్దె. నేటి కాంక్రీటు భవనంలో స్తంభాలుంటాయి కనక మామూలుగా మధ్య గోడ తీసినా ఇల్లు నిలబడుతుంది. ఇక్కడ గోడే స్తంభం. షోరూంకేమో అడ్డులేని హాలు, వీధివైపు నిలువెత్తు అద్దం కావాలి. పైగా భారతీయ ప్రమాణాల ప్రకారం ఇంటి అంతస్తును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక బరువుకు లెక్కగడితే, చిల్లర దుకాణానికి 400 కిలోలకు లెక్కగట్టాలి. పడకగది చీరల సెక్షన్ అయిన రోజున ఆ నేల మీది లెక్క రెట్టింపవుతుంది. అదే సమయానికి కింద గోడ మాయమవుతుంది. ఈ రెంటినీ కలిపి ‘ఇంటీరియర్ పని’ అనడం వాడుక.

తర్వాత పూత. సున్నపు గోడ తేమను పీలుస్తుంది, తిరిగి వదులుతుంది. నున్నగా ఉంటుందని దాని మీద సిమెంటు పూస్తే తేమ బయటికి దారి లేక లోపలే ఉండిపోతుంది, ఉప్పు తేలుతుంది, పెచ్చులూడుతాయి. పాతది కదా, ఊడిందంటారు. ఊడింది కొత్తది.

చివరి వంతు ముఖానిది. కిటికీ నెత్తిన గచ్చుతో తీర్చిన పూలతీగ ఉంటుంది. నిచ్చెన మీది మనిషి ఆ పువ్వు నడిబొడ్డున డ్రిల్లు ఆనిస్తాడు. తెల్లటి పొడి రాలుతుంది, బెజ్జంలోకి బోల్టు దిగుతుంది. బోల్టుకు ఇనప చట్రం, చట్రానికి ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీట్లు, షీట్ల మీద బ్రాండు పేరు. అంతటితో మేడకు కిటికీలు లేనట్టే. షీటుకూ గోడకూ మధ్య జానెడు సందులో పావురాలు కాపురం పెడతాయి. పగుల్లో మొలిచిన రావి మొక్క బయటైతే ఎవరో ఒకరు పీకేసేవారు, చాటున ఉండటంతో నిశ్చింతగా వేళ్లూనుతుంది.

చట్టాలు లేక కాదు. 1981 నాటి జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన నగరంలోని వారసత్వ కట్టడాలకు కాపుగా ఉండేది. 2015లో అది రద్దయింది, 2017లో రాష్ట్ర వారసత్వ చట్టం వచ్చింది. ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. అయితే కూల్చివేత అందరి కంటా పడుతుంది. షోరూం మార్పులో భవనం కూలదు, కనిపించకుండా పోతుంది. జాబితాకెక్కని మామూలు మేడల సంగతి అడిగేవారే ఉండరు.

మరో దారి ఉందనడానికి రుజువులున్నాయి. బ్యూనస్ ఎయిరెస్‌లో 1919 నాటి నాటకశాల 2000లో పుస్తకాల షాపయింది. బాల్కనీలు, పైకప్పు చిత్రాలు అలాగే ఉంచారు, రంగస్థలం మీద కాఫీ అమ్ముతారు. ముంబై ఫ్లోరా ఫౌంటెన్ దగ్గరి ఇస్మాయిల్ బిల్డింగ్‌లో 2017లో జారా దుకాణం తెరిచింది, రాతి ముఖం వీధికే ఉండిపోయింది. పాత ముఖాన్ని చూడటానికే జనం వస్తున్నప్పుడు దాన్ని కప్పడం వ్యాపారం కూడా కాదు.

కోరేవి నాలుగే. గోడ ముట్టే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క చూపాలి. సున్నపు గోడకు సున్నమే పూయాలి. బోల్టు రాళ్ల మధ్య అతుకులోనే దిగాలి. బోర్డు కమాను మీది పట్టీ దాటకూడదు. కొలబద్ద ఒక్కటే: దుకాణం ఖాళీ చేసిన మర్నాడు మేడ మునుపటిలా మిగలాలి.

అద్దెకున్నవాడు క్యాలెండరు మేకు కొట్టాలన్నా ఇంటివాడిని అడుగుతాడు. వీధి ముఖానికి ఇంటివాళ్లు ఆ వీధిలో నడిచే జనమే. వాళ్ల తరఫున అడగాల్సింది తమ కార్యాలయమే.

ఇట్లు,
షీటు వెనకాల గోడ

ప్రతి: సైన్‌బోర్డులు చేసేవారికి, తగు చర్య నిమిత్తం.