ఓడెక్కిన రోలు: టీకా, తాత్పర్యం

మూలం (ఆటవెలది)

అత్త యిచ్చెనంచు నంత రోలెత్తితే
ఓడ యెక్కువరకె యోపికుండు
నూటయిరువదన్న నోరెత్తదా మర
భోగపురపు పిండి పొంగుటెట్లు?

అవతారిక

భోగాపురంలో కాపురం ఎత్తి అమెరికాలో దించబోతున్న ఒక ఇంటివాడు అట్టపెట్టెల నడుమ చతికిలబడి చెప్పిన చాటువు ఇది. పేరు చెప్పుకోలేదు. ఎందుకో మొదటి పదమే చెబుతుంది. కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయనని ఒట్టుపెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి అంత నిష్ఠ లేదు. మూలంలో లేని హెర్ట్జుల కోసం కొంత దూరం పోవలసి వచ్చింది.

ప్రతిపదార్థం

అత్త = పిల్లనిచ్చిన తల్లి. పద్యం కోడలు చెప్పినదైతే మగని తల్లి. మేనరికమైతే మేనత్త. ఎవరైనా ఇచ్చే వస్తువు మారదు గనుక చర్చ అనవసరం.

ఇచ్చెన్ అంచున్ = ఇచ్చింది కదా అని. వద్దనలేక అని ధ్వని.

అంత రోలు = అంతేసి గ్రైండరు. లోపల రాయి ఉన్నది గనుక లక్షణ చేత రోలైంది. ఈ జాతి మరకు పేరుపడ్డ ఊరు కోయంబత్తూరు. అక్కడి వెట్ గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అత్తగారు మాత్రం ‘విజయనగరంలో కొన్నాం’ అంటుంది. రెండూ నిజమే.

ఎత్తితే = ఎత్తినచో. ‘ఎత్తినన్’ అని ఉండవలసిందని వైయాకరణులు. గ్రైండరు ఎత్తుతున్నవాడికి వ్యాకరణం గుర్తుండదని మేము.

ఓడ = నౌక. కాదు, విమానమే, ‘గాలి ఓడ’ అన్న అర్థంలో వాడాడు అని నవ్యుల వాదం. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట తలపెట్టిన విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరి 14న ఒక ముఖ్యమంత్రి, 2023 మే 3న మరో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. ఒకే విమానాశ్రయానికి రెండు రాళ్లు పడ్డ ఊళ్లో పుట్టిన పద్యం గనుక, రాయి కనిపించిన చోటల్లా విమానం ఉండి తీరాలని వాళ్ల పట్టుదల. ఈ వాదం నిలవదు. ఓడంటే ఓడే. తెల్లదొరల కాలంలో ఈ తీరం జనం భీమిలి, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి రంగూన్ పోయినవాళ్లు. ఊరు వదలడమంటే ఓడెక్కడమే.

పైగా కవికి లెక్క తెలుసు. అమెరికా విమానంలో మామూలు తరగతి వాడికి పెట్టె ఒక్కింటికి సాధారణంగా 23 కిలోలు; 32 దాటితే ఆ పెట్టెను లగేజీలో తీసుకోరు. ఓడలో కంటైనరు మొత్తం కాక కొంత చోటు మాత్రమే తీసుకుంటే, ఘనమీటరుకా, వెయ్యి కిలోలకా, ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తారు. ఇంటి సామాను ఘనమీటరుకు వెయ్యి కిలోలు తూగదు గనుక డబ్బిచ్చేది చోటుకే. గాలిలో రాయికి పడే జరిమానా నీటి మీద పడదు. రాయిని ఓడకిచ్చి, పరుపుల్ని మాత్రం చుట్టాలకిచ్చి పొమ్మని ఇందులో గూఢార్థం.

ఎక్కు వరకె ఓపిక ఉండు = ఎక్కించేదాకానే ఓర్పు. దిగాక ఎందుకుండదో కవి చెప్పలేదు, మేము చెబుతాం. అమెరికా కస్టమ్స్‌కు 3299 నంబరు ఫారం నింపాలి. ఏడాది వాడిన ఇంటి సామానుకు సుంకం లేదు, అంతవరకు సుఖమే. రేవులో దించిన కూలి, గోదాము అద్దె, ఇంటిదాకా లారీ బాడుగ వేటికవే. చెక్కపెట్టెలో బిగించి పంపితే ఆ చెక్కను లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచినట్టు ముద్ర కావాలి, పురుగు దేశం దాటకుండా. వీధి చివరి వడ్రంగి కొట్టిచ్చిన పెట్టెకు ఆ ముద్ర ఎక్కడిది?

నూటయిరువది అన్న = 120 వోల్టులు అనగానే.

ఆ మర నోరెత్తదు = తిరగదు. పెద్ద తగవు ఇక్కడే. మన గోడలో 230 వోల్టులు, అమెరికా గోడలో 120. అత్తగారి పక్షం ఇది: “సగం కరెంటైతే నెమ్మదిగా తిరుగుద్ది గానీ, అసలు తిరగదేటి? పిండి రుబ్బడానికి అంత తొందరేటి?” ఈ మాటను తేలిగ్గా తోసెయ్యకూడదు. మిక్సీ విషయంలో అత్తవాక్యం ప్రమాణం. దాని మోటారు బొగ్గు బ్రష్షులది. సగం వోల్టులిస్తే నీరసంగానైనా తిరుగుతుంది. గ్రైండరుది ఇండక్షన్ మోటారు. దాని తిప్పుడుబలం వోల్టుల వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక వోల్టులు సగమైతే బలం పావువంతుకు వస్తుంది. మినప్పిండి నింపిన రాయిని ఆ పావు బలం కదల్చలేదు. ‘గుయ్’మని మూలిగి, చుట్టిన రాగితీగ వేడెక్కి కాలిపోతుంది. మూలుగుతుంటే నోరెత్తదని ఎలా అన్నాడని ఆక్షేపించిన వారున్నారు. మూలుగు మాట కాదని సమాధానం.

అన్వయం

సుగమం.

తాత్పర్యం

మొహమాటానికి మోసిన మర మొహం చాటేస్తుంది.

దోషవిచారం

ఈ పద్యంలో న్యూనత అనే దోషముంది. వోల్టు చెప్పి హెర్ట్జు మింగేశాడు. దీన్ని నమ్మి, వోల్టులే కదా తక్కువ, పెంచుకుందాం అని స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మరు కొన్నవాళ్లున్నారు. 750 వాట్ల మిక్సీకి అందులో రెట్టింపు సత్తువది కొనమంటారు. ఇనుమూ రాగీ ముద్దగా ఉండే ఆ పెట్టె బరువులో గ్రైండరుకు తోబుట్టువు. పోనీ, కొన్నారు. అది 120ని 230 చేస్తుంది. సెకనుకు 60 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటును మన 50కి మార్చడం మాత్రం దాని చేతకాదు. ఇండక్షన్ మోటారు వేగం ఈ ఊపును బట్టే ఉంటుంది గనుక గ్రైండరు ఐదోవంతు ఎక్కువ వేగంతో తిరుగుతూ, అదే వోల్టుల మీద బలం కొంత పోగొట్టుకుంటుంది. సౌదీలోనూ ఈ 60 ఉంది. వోల్టులు కలిశాయని అక్కడ మురిసిపోకూడదు. కవి ‘నూటయిరువది’ పక్కన ‘అరువది’ కూడా ఇరికించి ఉంటే ఎన్ని సంసారాలకు ట్రాన్స్‌ఫార్మరు ఖర్చు తప్పేదో! ఆటవెలది ఇరుకు ఛందస్సు, సీసంలో చెప్పవలసింది.

దుబాయి, సింగపూరు, లండన్ వెళ్లేవారికి ఈ పద్యంతో పనిలేదు. అక్కడా మన వోల్టులే, మన 50 ఊపులే. మూడు బల్లపరుపు పుల్లల ప్లగ్గు మార్చుకుంటే అత్తగారి గ్రైండరు అత్తింట్లో తిరిగినట్టే తిరుగుతుంది. అమెరికా వాళ్లకోసం మన కంపెనీలే 110 వోల్టుల గ్రైండర్లూ మిక్సీలూ చేసి అక్కడే అమ్ముతున్నాయి. ఈ సంగతి అత్తగారికి చెప్పే ధైర్యం కవికి లేకనే పద్యం పుట్టింది. ఫోను, లాప్‌టాప్ ఛార్జర్ల మీద 100–240 అని రాసి ఉంటుంది గనుక అవి ఏ దేశంలోనైనా బతుకుతాయి. కావ్యంలో వాటికి చోటు లేదు. ఫ్రిజ్జు ఊసెత్తకపోవడం కవి చేసిన పుణ్యం.

నాలుగో పాదం

భోగపురపు = భోగాపురానికి చెందిన. దీర్ఘం పోయింది. సామాను తగ్గించుకుంటున్నవాడు ‘గా’లో దీర్ఘాన్ని కింద దింపేశాడని సరిపెట్టుకోవాలి.

పిండి పొంగుటెట్లు = పిండి పులిసేదెలా? ఇది అసంగతం. పిండిని నలపడం వరకే మర పని. పొంగించేది మినపప్పును అంటుకుని వచ్చే సూక్ష్మజీవులు, ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ జాతి. వాటికి కావలసింది వెచ్చదనం. సముద్రం పక్కన భోగాపురంలో వేసవి రాత్రి మూత పెట్టి పడుకుంటే తెల్లారేసరికి పిండి గిన్నె దాటి గట్టు మీదికొస్తుంది. అదే పిండి చికాగో జనవరిలో రెండో పొద్దుకూ కదలదు. ఓవెన్ వెలిగించకుండా అందులోని దీపం మాత్రం వేసి, ఆ గోరువెచ్చన గిన్నె పెట్టుకుంటారు అక్కడి తెలుగువాళ్లు. కాబట్టి నేరం చలిది, నింద మరది. పాదాన్ని దిద్ది నింద చలి మీదికి మార్చుదామని చాలా తంటాలు పడ్డాం. యతి కుదరలేదు. అందుచేత మర మీదే ఉండనిచ్చాం.