కాస్త ఆ చిటికెన వేలు ఎత్తు బాబూ!

పై ఫ్లాట్‌లో యుకులేలే వాయించే అబ్బాయికి,

కింది ఫ్లాట్ అంకుల్‌ని. వాయించడం మానెయ్యమని రాయడం లేదు, కంగారు పడకు. నీ చేతిలో లయ ఉంది. నా గొడవంతా నువ్వు ఆపే చోటుతోనే. రోజూ రాత్రి జి సస్ ఫోర్ కొట్టి, దాన్నలా గాల్లో వదిలేసి భోజనానికి లేచిపోతావు. తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోతే ఎలా ఉంటుందో, పడుకునేదాకా నాకు అలా ఉంటుంది.

నువ్వేం చేస్తున్నావో చూడకుండానే చెప్పగలను. జి మేజర్ పట్టులో ఎ తీగ రెండో ఫ్రెట్ మీదున్న వేలు అలాగే ఉంచి, మూడో ఫ్రెట్ మీద చిటికెన వేలు మోపుతావు. బి పోయి సి వస్తుంది. జి మనకు షడ్జమం అనుకుంటే, అంతర గాంధారాన్ని లేపేసి ఆ చోట్లో శుద్ధ మధ్యమం కూర్చుందన్నమాట. మేజరో మైనరో తేల్చేది గాంధారమే కదా! అది లేని కార్డు ఏడుపో నవ్వో చెప్పకుండా వేలాడుతుంది. పాలెస్త్రీనా కాలపు చర్చి గానంలోనూ ముందటి స్వరాన్ని ఇలాగే పట్టి ఉంచేవారు. ఉంచి, ఒక మెట్టు దించేవారు.

గిటార్ అయితే అడుగున బరువైన జి మోగుతుంది, కొంత నయం. మామూలు శ్రుతిలో యుకులేలే నాలుగో తీగ కూడా పై జి యే. నీ పట్టులో అన్నిటికంటే కింది స్వరం డి, అంటే పంచమం. ఆధార షడ్జమం కింద లేనే లేదు. పైగా ఫ్రెట్ అంకెల్లో 0233 అని రాసే ఆ పట్టే సి సస్ టూ కూడా. చిటికెన వేలు ఎత్తావా, జి మేజర్. దాన్నొక్కదాన్నే ఉంచి మిగతావి ఎత్తావా, సి మేజర్. ఇంత సులువైనప్పుడు ఎటో ఒకవైపు వెళ్లవేం నాయనా?

మధ్యమావతిలో గాంధారమే లేదు, దాంతోనే కచేరీలు ముగిస్తారుగా అంటావేమో. నిజమే, నీ సస్ టూ, సస్ ఫోర్ స్వరాలు రెండూ అందులో ఉన్నాయి. కానీ పాడేవాళ్లు షడ్జమం మీద వాలి ఆపుతారు. మధ్యమం మీద నోరు తెరిచి, అలాగే క్యాంటీన్‌కి పోరు.

సస్ ఫోర్‌తో నాకు పేచీ లేదు. జి, సస్ ఫోర్, మళ్లీ జి అని నువ్వు తిప్పుతున్నంతసేపూ పేపరు పక్కన పెట్టి వింటాను. డి సస్ ఫోర్ దగ్గరే తడబడుతున్నావు. డి లో ఇరుక్కున్న మూడు వేళ్లను సర్దుతూ కూర్చోకు. జి పట్టు పట్టి, ఎ తీగ మీది వేలు తీసెయ్యి, వచ్చేసినట్టే. దాన్నీ అక్కడే వదిలేస్తే మాత్రం ఊరుకోను. డి కొట్టాకే లేవాలి. అమ్మ పిలిస్తే, కింది అంకుల్ ఒక్క కార్డు ఆగమన్నారని చెప్పు.

ఇట్లు,
కింది ఫ్లాట్ అంకుల్