స్వచ్ఛందంగా తోలుకొచ్చిన జనం

తెలుగునాట సభ పెట్టబోయే పార్టీకి మైదానం కంటే ముందు కావాల్సింది జన సమీకరణ బాధ్యులు. నియోజకవర్గానికి ఇంతమంది, మండలానికి ఇన్ని బస్సులు అని సన్నాహక సమావేశంలో కోటాలు పంచుతారు. తగ్గితే టికెట్టు మాట మరిచిపొమ్మని మెత్తగా చెబుతారు. ఇదంతా జిల్లా పేజీలో ఫొటోతో సహా అచ్చవుతుంది. సభ మర్నాడు అదే పేజీలో అదే నాయకుడంటాడు: జనం స్వచ్ఛందంగా తరలివచ్చారు!

నిజమే. బస్సు స్వచ్ఛందంగా ఊళ్లోకొచ్చింది, బిర్యానీ పొట్లం స్వచ్ఛందంగా సీటెక్కింది, డ్వాక్రా సంఘం లీడరు స్వచ్ఛందంగా హాజరేసుకుంది.

2018 సెప్టెంబరు 2న కొంగరకలాన్‌లో టీఆర్ఎస్ ప్రగతి నివేదన సభకు 25 లక్షల మందిని రప్పిస్తామన్నారు. ఆర్టీసీ నుంచి ఏడు వేలకు పైగా బస్సులు మాట్లాడుకున్నారు; సంస్థ దగ్గరున్నవే పది వేల చిల్లర. బస్సుకు 50 మందిని కుక్కినా మూడున్నర లక్షలు దాటి ఎంతో పోదు. మిగతా 21 లక్షల మందికి ట్రాక్టర్లు, డీసీఎంలు, దేవుడే దిక్కు. గుంపును గళ్లుగా విడగొట్టి తలలు లెక్కగట్టే పద్ధతిని అమెరికాలో హెర్బర్ట్ జాకబ్స్ అనే ప్రొఫెసర్ 1960ల్లోనే చూపించాడు. మనకా బాధ లేదు. ఇసుక వేస్తే రాలకపోతే చాలు.

నవ్వు ఆగే చోటూ ఉంది. 2022 డిసెంబరు 28న కందుకూరులో చంద్రబాబు రోడ్‌షో తొక్కిసలాటలో ఎనిమిది మంది పోయారు. నాలుగు రోజులకే గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర మరో ముగ్గురు మహిళలు. డ్రోన్ షాట్ కోసం ఇరుకు రోడ్డులోకి జనాన్ని నెట్టారని వైసీపీ మండిపడింది, రోడ్ల మీద సభలకు పగ్గాలేస్తూ దాని ప్రభుత్వం జీవో నంబరు 1 తెచ్చింది. 2023 మేలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 జనవరిలో భీమిలి నుంచి మొదలైన ‘సిద్ధం’ సభల్లో ఆ పార్టీ ప్రచారానికి ఊపిరి ఏమిటనుకున్నారు? డ్రోన్ షాట్లే.

ఎన్నికల షెడ్యూలు వచ్చిందా, ఈ జనమే చిక్కి సగమవుతారు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. కుర్చీకి, భోజనానికి, బండికి అధికారులే రేటు కడతారు. మైకులో లక్షమంది ఉన్న సభకు ఖర్చు పుస్తకంలో రెండు వేల కుర్చీలుంటాయి. తక్కినవాళ్లు నిలబడే విన్నారట, ఆకలి లేదన్నారట.