ఎన్నుకోండి, ఈ పేరే ఎన్నుకోండి

ప్రభుత్వం మారిందంటే సాలూరు నుంచి తిరుపతి దాకా ఒకటే ఆరా: గుడి బోర్డులో ఎవరికి చోటు? భక్తి ఎంతుందని ఎవరూ అడగరు. సిఫార్సు లేఖ ఎవరిదన్నదే లెక్క. ఈ తెలివి మన సొంతమని గర్వపడేవాళ్లు విక్టోరియా రాణి ఏలుబడిని ఒకసారి చూడాలి.

అక్కడ బిషప్ పోతే కొత్తవాణ్ని ఎన్నుకోమని కెథడ్రల్ పెద్దలకు రాణి పేరిట అనుమతి పత్రం వెళ్లేది. దానికి తోకలా ఇంకో ఉత్తరం, ఎన్నుకోవలసిన పేరుతో సహా. ఆ పేరు ప్రధానమంత్రి ఎంపిక. స్వయంవరం చాటించి పీటమీద ఒక్కణ్నే కూర్చోబెట్టినట్టు! కాదంటే ఎనిమిదో హెన్రీ నాటి చట్టం సిద్ధం: ఆస్తి జప్తు, జైలు.

1847లో ప్రధాని జాన్ రస్సెల్ హియర్‌ఫోర్డ్ బిషప్‌గా మతపండితుడు హాంప్‌డెన్‌ను ఎంపిక చేశాడు. పదముగ్గురు బిషప్పులు వద్దని మొరపెట్టుకున్నారు. ఓటెయ్యనని అక్కడి కెథడ్రల్ పెద్ద, డీన్ రాశాడు. చట్టాన్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తమరు రాసిన ఉత్తరం అందిందని రస్సెల్ ముక్తసరిగా బదులిచ్చాడు. వివాదం కోర్టుకెక్కింది. 1848లో క్వీన్స్ బెంచ్ జడ్జీలు నలుగురూ ఇద్దరిద్దరుగా చీలిపోయారు. దాంతో అభ్యంతరం వీగిపోయి హాంప్‌డెన్ పీఠమెక్కాడు.

తర్వాతి ప్రధానుల్లో పామర్‌స్టన్ తీరు వేరు. మతశాస్త్రం ఆయన తలకెక్కేది కాదు. అందుకే బిషప్పుల పేర్లు భార్య అల్లుడు షాఫ్ట్స్‌బరీ సూచించేవాడు. ఇంటివాళ్ల మీద నమ్మకం మనకూ తక్కువేం కాదు. 2019లో జగన్‌మోహన్ రెడ్డి ముఖ్యమంత్రి కాగానే టీటీడీ కుర్చీ బాబాయి వై.వి. సుబ్బారెడ్డికి దక్కింది. 2024లో కూటమి గెలిచాక అదే కుర్చీలో టీవీ5 అధిపతి బి.ఆర్. నాయుడు. కొండ మీద బదిలీ లేనిది వెంకన్న ఒక్కడికే.

మద్రాసు బిషప్‌కైతే ఆ ఎన్నిక నాటకమూ లేదు. 1833 చార్టర్ చట్టం పీఠానికి వీలు కల్పించింది, 1835లో డేనియల్ కోరీ వచ్చాడు. జీతం ఏడాదికి 24,000 సిక్కా రూపాయలు, అదీ ఇక్కడి రాబడి నుంచే. అంటే చర్చి గడప తొక్కని మన రైతు శిస్తులోనూ దొరవారికి వాటా ఉండేది. పేరు రాయడం లండన్ వంతు, డబ్బు కట్టడం మన వంతు.

ఇక మళ్లీ మన కాలానికి వస్తే, 2020 మార్చి. విజయనగరం మాన్సాస్ ట్రస్టు, సింహాచలం దేవస్థానం కుర్చీల నుంచి ప్రతిపక్ష టీడీపీ నేత అశోక్ గజపతిరాజును జగన్ ప్రభుత్వం జీవోలతో దించి, ఆయన అన్న కూతురు సంచయితను కూర్చోబెట్టింది. పార్టీల పోరు కాస్తా ఇంటి తగువైంది. 2021 జూన్‌లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది. అశోక్ మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.